డబ్బా తర్వాత కొనొచ్చు, ముందు ఎండుటాకులు పోగెయ్యండి

పెరట్లో కంపోస్టు మొదలుపెడదామనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఏ డబ్బా కొనాలి? ప్లాస్టిక్‌దా, మట్టిదా, గిరగిరా తిప్పే డ్రమ్మా, అడుగున కుళాయి ఉన్నదా? ఆ వెంటనే రెండోది: అందులో ఏ పొడి చల్లాలి? ఈ రెండింటికీ జవాబు చెప్పేముందు నేనొకటి అడుగుతాను. మీ దగ్గర ఎండుటాకులు ఎన్ని బస్తాలున్నాయి?

చాలామంది దగ్గర ఒక్క బస్తా కూడా ఉండదు. రాలిన ఆకుల్ని ఊడ్చి బయట పారేసి ఉంటారు, లేదా ఓ మూలన తగలబెట్టి ఉంటారు. అలాంటి ఇంట్లో ఎంత ఖరీదైన డబ్బా పెట్టినా నెల తిరిగేసరికి అందులో మిగిలేది కంపుకొట్టే నల్లటి ముద్దే. ఆ తర్వాత మూత తియ్యడానికి ఇంట్లో ఎవరూ ముందుకు రారు. ఈగలు ముసురుతాయి, పక్కింటివాళ్ళు ఏమంటారో అని టెన్షన్ మొదలవుతుంది, చివరికి డబ్బా కాస్తా అటకెక్కుతుంది. "మాకు కంపోస్టు అచ్చిరాలేదు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఇందులో అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదు. ఎండు సరుకు లేకుండా తడి చెత్త ఒక్కటే వేస్తే ఎవరికైనా జరిగేది అదే.

కాబట్టి కంపోస్టుకి మొదటి పెట్టుబడి ఎండుటాకులు అని నా గట్టి నమ్మకం. ఆకులు లేనివాళ్ళు కొన్నాళ్ళు ఆగైనా సరే, అవి పోగయ్యాకే మొదలుపెట్టాలంటాను. ఇదేదో చాదస్తంగా అనిపించొచ్చు. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా సలహాల్లో సగం ఎవరూ చెప్పక్కర్లేదు.

చెత్తని ఎరువుగా మార్చేది సూక్ష్మజీవులు. వాటికి ముఖ్యంగా రెండు కావాలి: కర్బనం, నత్రజని. నత్రజనితో అవి ప్రొటీన్లు తయారుచేసుకుంటాయి. కర్బనం ఒళ్ళు కట్టుకోవడానికీ, శక్తికీ కూడా పనికొస్తుంది. ఒక బ్యాక్టీరియా ఒంట్లో నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం సుమారు 8 నుంచి 10 వంతులు ఉంటుంది. అలాగని 10 వంతులు పెడితే సరిపోదు. అది తిన్న కర్బనంలో దాదాపు మూడింట రెండు వంతులు శక్తి కోసం ఖర్చయిపోయి, కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. 10 వంతులు ఒంటికి పట్టాలంటే 30 వంతులు తినాలన్నమాట. కంపోస్టు గురించి ఎక్కడ చదివినా కనిపించే "కర్బనం 25–30 వంతులు, నత్రజని 1 వంతు" అనే లెక్క వెనకున్న సంగతి ఇదే.

ఇప్పుడు మన చేతిలో ఏముందో చూడండి. కూరగాయల తొక్కల్లో, వంటింటి చెత్తలో ఈ నిష్పత్తి సుమారు 15 నుంచి 20. అప్పుడే కోసిన పచ్చగడ్డిలో కూడా ఇంచుమించు అంతే. అంటే రెండింట్లోనూ నత్రజని అవసరానికి మించి ఉంది. సూక్ష్మజీవులు వాడుకోలేని ఆ నత్రజని అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది. మూత తియ్యగానే ముక్కుని గుచ్చే ఆ ఘాటు అదే. మొక్కకి చేరాల్సిన ఎరువు గాలిపాలు అవుతోందని దానర్థం. ఎండుటాకుల్లో ఈ నిష్పత్తి 40 నుంచి 80 దాకా ఉంటుంది. అట్టపెట్టెల్లో, రంపపు పొట్టులో 300 పైమాటే.

నత్రజని గొడవ ఒకటైతే, నీళ్ళ గొడవ అంతకన్నా పెద్దది. కూరగాయల చెత్త బరువులో సుమారు 80 శాతం నీళ్ళే. తొక్కలు మెత్తబడి కూలబడగానే ఆ నీళ్ళన్నీ బయటికొస్తాయి, ముక్కల మధ్య ఉన్న ఖాళీలు మూసుకుపోతాయి. గాలి ఆడని చోట ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా పెత్తనం మొదలవుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, పుల్లటి కంపుకొట్టే ఆమ్లాలు, మీథేన్ అవి తయారుచేసేవే. పెద్ద పెద్ద చెత్తగుట్టల లోపల జరిగేది కూడా ఇదే. వందేళ్ళ లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ. చెత్త ఆ గుట్టలకి పోకూడదనే కదా మనం ఇంట్లో కంపోస్టు చేసేది. గాలాడని డబ్బా పెట్టుకుంటే ఆ గుట్టనే చిన్నది చేసి పెరట్లోకి తెచ్చుకున్నట్టు.

ఎండుటాకులు కర్బనం ఇస్తాయి, ఊరిన నీళ్ళు పీల్చుకుంటాయి, ముక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో సందులు ఉంచుతాయి. మూడు పనులూ ఒకేసారి చేసే సరుకు పెరట్లో ఇంకోటి నాకు తెలియదు.

ఎంత వెయ్యాలో ఒకసారి కాగితం మీద లెక్క కడదాం. కిలో వంటింటి చెత్త తీసుకుందాం. అందులో 800 గ్రాములు నీళ్ళు, 200 గ్రాములు పొడి పదార్థం. పొడి పదార్థంలో కర్బనం సుమారు 45 శాతం అనుకుంటే 90 గ్రాములు. నిష్పత్తి 15 అయితే నత్రజని 6 గ్రాములు. ఇప్పుడు దీనికి 450 గ్రాముల ఎండుటాకులు కలుపుదాం. వాటిలో నీళ్ళు పదోవంతు, అంటే 45 గ్రాములు. కర్బనం 182 గ్రాములు, నిష్పత్తి 60 అయితే నత్రజని 3 గ్రాములు. మొత్తం కర్బనం 272, నత్రజని 9. నిష్పత్తి 30 చిల్లర! నీళ్ళు కూడా చూడండి: 1450 గ్రాముల మొత్తంలో 845 గ్రాములు, అంటే 58 శాతం. కంపోస్టుకి కావలసిన తేమ 40 నుంచి 60 శాతం. ఈ ఒక్క కలయికతో అటు నత్రజని లెక్కా, ఇటు తేమ లెక్కా రెండూ కుదిరాయి. నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

తూకం వెయ్యక్కర్లేదు. బరువులో సగం అన్నా, ఆకులు తేలిక కాబట్టి నలిపిన ఆకులైతే కొలతలో రెండు మూడింతలు అవుతాయి. ఒక గిన్నెడు తొక్కలకి రెండు మూడు గిన్నెల నలిపిన ఆకులు. ఇది విని చాలామంది "అంతా?" అంటారు. అవును, అంతే. కొత్తవాళ్ళు గుప్పెడు ఆకులు పైపైన చల్లి సరిపెట్టుకుంటారు, డబ్బా పాడయ్యేది అక్కడే.

వంటిల్లు ఏడాది పొడుగునా, ఏ రోజుకారోజు తడి చెత్త ఇస్తూనే ఉంటుంది. చెట్లు మాత్రం ఆకుల్ని ఎక్కువగా రాల్చేది ఏడాదిలో కొన్నాళ్ళే. రోజుకి అర కిలో చెత్త వచ్చే ఇంటికి పై లెక్క ప్రకారం ఏడాదికి 80 కిలోల పైన ఎండుటాకులు కావాలి. రాలే రోజుల్లో పోగేసి దాచుకోకపోతే మిగతా రోజుల్లో ఎక్కడినుంచి తెస్తాం? అందుకే నా దృష్టిలో కంపోస్టు సెటప్ అంటే చెత్త డబ్బా, దాని పక్కన అంతకన్నా పెద్దదైన ఆకుల నిల్వ. ఇనప వల గుండ్రంగా చుట్టి నిలబెట్టినా చాలు, పాత గోనెసంచులైనా చాలు. వాన తగలకుండా చూసుకోవాలి, తడిస్తే ఆకులు అక్కడే చివకడం మొదలుపెడతాయి. సంచిలో కుక్కి కాళ్ళతో బాగా తొక్కితే ఆకులు నలిగి చోటు కలిసొస్తుంది, డబ్బాలో త్వరగా చివుకుతాయి కూడా.

ఆకుల్ని తగలబెట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెట్టు ఏడాదంతా గాల్లోంచి తీసుకున్న కర్బనం, మట్టిలోంచి తీసుకున్న నత్రజని గంటలో పొగైపోతాయి. మిగిలే బూడిదలో పొటాషియం, కాల్షియం లాంటి ఖనిజాలు ఉంటాయి, అంతే. ఆ పొగ పీల్చేది మళ్ళీ మన పిల్లలే. వీధిలో ఎవరైనా ఆకులు ఊడ్చి కుప్ప పోస్తుంటే అడిగి తెచ్చుకోండి, సిగ్గుపడకండి. ఆకులు బొత్తిగా దొరకని వాళ్ళకి అట్టపెట్టెలు మంచి ప్రత్యామ్నాయం. టేపులు, మెరిసే పూతలు తీసేసి అరచేయంత ముక్కలుగా చింపాలి. పాత న్యూస్‌పేపర్లు కూడా పనికొస్తాయి గానీ పలకలు పలకలుగా వేస్తే తడిసి అతుక్కుపోతాయి, పీలికలు చెయ్యాలి. రంపపు పొట్టు కొంచెమే వాడాలి, అదీ మందులు పట్టించని, జిగురు లేని చెక్కదైతేనే. ప్లైవుడ్ పొట్టు వద్దు.

ఇక ఆ పొడుల సంగతి. డబ్బాతో పాటు "కల్చర్" అని, "యాక్టివేటర్" అని అమ్ముతారు. అవి లేకపోతే కంపోస్టు అవ్వదన్నట్టు చెప్పడం నాకు నచ్చదు. చెత్తని చివకబెట్టే సూక్ష్మజీవులు రాలిన ప్రతి ఆకు మీదా, ప్రతి తొక్క మీదా, చిటికెడు మట్టిలోనూ కోట్ల కొద్దీ ఉన్నాయి. తిండీ, నీళ్ళూ, గాలీ సమపాళ్ళలో ఉంటే వాటంతటవే పెరుగుతాయి. లేకపోతే ఎన్ని పొడులు చల్లినా బతకవు. మనసు ఒప్పుకోకపోతే పెరట్లో మట్టి ఓ రెండు గుప్పెళ్ళు వెయ్యండి. "పొడి వేశాక వాసన తగ్గింది కదా" అనేవాళ్ళున్నారు. ఆ పొడిని ఏదో ఒక పొట్టులో కలిపే అమ్ముతారు. తగ్గిన వాసనలో ఆ పొట్టు పీల్చిన తేమ వంతు ఎంతో కూడా చూడాలి. వాసన పోవడానికి సున్నం చల్లమనే సలహా ఇంకా చెడ్డది. సున్నం పడితే క్షారగుణం పెరిగి, ఉన్న నత్రజని కూడా అమ్మోనియాగా లేచిపోతుంది.

సరే, డబ్బా. పెరడున్నవాళ్ళు అడుగు లేని డబ్బా తీసుకోండి, లేదా ఉన్న పాత డ్రమ్ముకి అడుగు కోయించండి. నేల మీద నేరుగా నిలబెడితే ఎక్కువైన నీళ్ళు మట్టిలోకి దిగుతాయి, మట్టిలోంచి వానపాములు పైకొస్తాయి. ఎలుకల భయముంటే కింద సన్న కన్నాల ఇనప వల పరవండి. చుట్టూ గాలి కన్నాలు, పైన వాన పడకుండా మూత. నీడలో, గోడకి ఆనకుండా, వంటింటి గుమ్మానికి దగ్గరగా ఉంచండి. దూరంగా పెడితే వానరోజు ఎవరూ అక్కడిదాకా వెళ్ళరు. తిప్పే డ్రమ్ములు పెరడు లేనివాళ్ళకి పనికొస్తాయేమో గానీ నేల ఉన్నవాళ్ళకి వాటి అవసరం లేదనే నేనంటాను. తడి ఎక్కువైతే అందులో సరుకు ఉండలు కట్టేస్తుంది, మట్టీ వానపాములూ చేరే దారి అసలే లేదు. డబ్బు ఖర్చు పెట్టదలుచుకుంటే ఒక ఖరీదైన డబ్బా బదులు రెండు మామూలువి పెట్టుకోండి. ఒకటి నిండి చివుకుతుంటే రెండోది నింపుకోవచ్చు.

మొదటిసారి నింపేటప్పుడు అడుగున జానెడు ఎత్తున ఎండు పుల్లలు, చిదుగులు పరిచి, వాటి మీద మూరెడు ఆకులు వేసి కాస్త తడపాలి. ఆ రోజు తొక్కల్ని మధ్యలో చిన్న గుంట చేసి అందులో వేసి, మళ్ళీ ఆకులు కప్పెయ్యాలి. తర్వాత ప్రతిరోజూ ఇదే. నేను పాటించే నియమం ఒక్కటే, మూత తీస్తే పైన తడి ముక్క ఒక్కటి కూడా కనబడకూడదు. తొక్కల్ని చిన్న ముక్కలుగా కోస్తే త్వరగా చివుకుతాయి. అలాగని మిక్సీలో వేసి గుజ్జు చెయ్యకండి, గుజ్జులో గాలి ఉండదు. ఆకుల సంచి, దాంట్లో ఒక పాత మగ్గు, డబ్బాకి చెయ్యి చాచేంత దగ్గర్లో ఉండాలి. కాస్త దూరంలో ఉందంటే చాలు, "రేపు వేద్దాంలే" అనిపిస్తుంది.

వారానికోసారి చెయ్యి లోపలికి పెట్టి మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఆకులు తక్కువయ్యాయి. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు చిలకరించాలి. ఎండిన డబ్బాలో చీమలు పుట్టలు పెడతాయి, అది చూసి కూడా తెలుసుకోవచ్చు. పిండేటప్పుడు మీకు ఇంకోటి తగలొచ్చు: వెడల్పాటి దళసరి ఆకులు తడిసి దొంతరగా అతుక్కుపోయి ఉంటాయి. వేలితో విడదీస్తే పై ఆకు, కింది ఆకు నల్లబడి ఉంటాయి, మధ్యవి మాత్రం వేసినప్పటి పసుపు రంగులోనే, పొడిగా, చెక్కుచెదరకుండా ఉంటాయి. గాలీ నీళ్ళూ వాటి దగ్గరికి చేరనే లేదు. వేసేముందు నలపమనేది ఇందుకే. ఇంకాస్త లోతున, ఆకుల అంచుల వెంబడి బూడిద చల్లినట్టు తెల్లటి పోగులు కనిపిస్తే బూజు పట్టిందని కంగారుపడకండి. చాలావరకు అవి ఆక్టినోమైసీట్స్ అనే బ్యాక్టీరియా. గట్టి పీచుని విడగొట్టే పని వాటిదీ, శిలీంధ్రాలదీ. తొలకరి వానకి నేల నుంచి వచ్చే కమ్మటి వాసన ఉంది చూశారా, దానికి కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేసేదీ అవే. డబ్బాలో ఆ వాసన మొదలైందంటే పని సవ్యంగా సాగుతున్నట్టే.

కంపు వస్తే డబ్బా మార్చక్కర్లేదు. అమ్మోనియా ఘాటైనా, కుళ్ళుగుడ్ల వాసనైనా, పులిసిన వాసనైనా మందు ఒకటే: పారతో కింద నుంచి పైకి తిరగేసి, దండిగా ఆకులు కలపండి. రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది.

పురుగుల విషయంలో మన భయం అవసరానికి మించి ఉంటుంది. తడి ఎక్కువగా ఉన్న డబ్బాల్లో బల్లపరుపుగా, మట్టిరంగులో లావుపాటి పురుగులు కనిపిస్తుంటాయి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. కుట్టవు, మొక్కల జోలికి పోవు, చెత్తని వేగంగా తినేస్తాయి. వాటిని చంపడానికి మందు కొడితే డబ్బాలో పనిచేసే జీవాలన్నీ చస్తాయి. చూడటానికి ఒళ్ళు జలదరిస్తే ఆకులు పెంచండి, తడి తగ్గితే అవీ తగ్గుతాయి. ఎలుకలు, కుక్కలు మాత్రం మాంసం, పాల పదార్థాలు, నూనె వంటకాల కోసం వస్తాయి. కాబట్టి అవి వెయ్యొద్దు. కుక్క, పిల్లి మలం అసలే వద్దు, అందులో మనుషులకి సోకే పరాన్నజీవులుంటాయి. "కంపోస్టబుల్" అని రాసున్న ప్లాస్టిక్ సంచుల్లో చాలావాటికి పెద్ద కేంద్రాల్లో ఉండేంత వేడి కావాలి. పెరటి డబ్బాలో అవి అలాగే మిగిలిపోతాయి.

వేడి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కుప్ప పొగలు కక్కకపోతే కంపోస్టు అవ్వట్లేదని దిగులుపడేవాళ్ళున్నారు. వేగంగా, వేడిగా చేసే పద్ధతులు ఉన్నాయి, వాటి మీద నాకు గౌరవం ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేస్తూ మొక్కల వ్యర్థాలు, పేడ, మట్టి, బూడిద పొరలుగా వేసి, తిరగేస్తూ మూడు నెలల్లో ఎరువు చేసే పద్ధతిని రూపొందించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాబే చెప్పిన బర్క్‌లీ పద్ధతిలో రెండు మూడు వారాలే పడుతుంది. కానీ రెండింటికీ సరుకంతా ఒకేసారి పోగు చెయ్యాలి. కుప్ప ఒక ఘనపు మీటరుకి తగ్గితే లోపల పుట్టిన వేడి నిలవదు. రోజుకి గిన్నెడు చెత్త వేసే ఇంటి డబ్బాకి ఆ లెక్క వర్తించదు. ఇంటికి నిదానంగా చివికే పద్ధతే సరైనదని నా అభిప్రాయం. అయితే దానికో షరతుంది. 55 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కొన్ని రోజులు నిలిస్తేనే రోగాలు కలిగించే సూక్ష్మజీవులు చస్తాయి, చాలా కలుపు విత్తనాలకి అంతకన్నా ఎక్కువ వేడే కావాలి. మన డబ్బాలో అంత వేడి రాదు కాబట్టి తెగులు పట్టిన మొక్కలూ, గింజ కట్టిన కలుపూ అందులో వెయ్యకూడదు.

ఎంతకాలం పడుతుందంటే వాతావరణాన్ని బట్టి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా. కుప్ప సగానికి పైగా దిగిపోతుంది. నల్లగా కనిపించినంత మాత్రాన చివికినట్టు కాదు. తడిగా ఉన్న గుప్పెడు ఎరువుని ఒక కవర్లో వేసి గాలి చొరకుండా కట్టి, నాలుగైదు రోజుల తర్వాత విప్పి వాసన చూడండి. మట్టి వాసన వస్తే సిద్ధం. కంపు వస్తే లోపల ఇంకా కుళ్ళే సరుకు ఉందని అర్థం. అలాంటి పచ్చి ఎరువు మొక్కకి వేస్తే, మిగిలిన కర్బనాన్ని తినడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా లాక్కుంటాయి. ఎరువు వేశాక ఆకులు పసుపెక్కడానికి ఇదో కారణం. ఇంకొన్ని వారాలు ఆగడమే మేలు.

చివికిన ఎరువుని జల్లెడ పట్టి, పైన మిగిలిన పుల్లలూ గట్టి ముక్కలూ కొత్త డబ్బా అడుగున వేసెయ్యండి. ఇందులో నత్రజని 1 నుంచి 2 శాతమే ఉంటుంది, కాబట్టి రసాయన ఎరువు వేసినట్టు మొక్క రాత్రికి రాత్రి పెరగాలని చూడకండి. దీని అసలు మేలు మట్టికి. గట్టిపడిన నేల గుల్లబారుతుంది, ఇసుక నేలలో నీళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి. మడుల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పైన పరిచి మొదలుకి ఆనకుండా చూడండి. కుండీలని మాత్రం ఒట్టి కంపోస్టుతో నింపొద్దు, కొన్నాళ్ళకి దిగిపోతుంది, లవణాలు కూడా ఎక్కువవుతాయి. మట్టిలో మూడో వంతుకి మించకుండా కలిపితే సరిపోతుంది.